గ్రాఫులో లేని చుక్కలు



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరున పెట్టుకున్నామో ఆ మాస్టారికి నీతిబోధలంటే గిట్టేది కాదు. ఎవరైనా వేదికెక్కి విలువలు, నిబద్ధత అని మొదలుపెడితే ఆయన వెనక వరుసలోంచి లేచి ల్యాబ్‌కి వెళ్ళిపోయేవారు. అలాంటి మనిషి పేరు మీద పరిశోధనలో నైతికత గురించి మాట్లాడమన్నారు. కాబట్టి ధర్మపన్నాలు చెప్పను. కొన్ని అంకెల గురించి మాట్లాడతాను, అందులోనూ ఉండవలసిన చోట లేకుండా పోయిన అంకెల గురించి.

పరిశోధనలో మోసం అనగానే మనకు తోచేవి రెండు. లేని ఫలితాన్ని పుట్టించడం, ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాసుకోవడం. రెండోదాన్ని పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఉంది, 2018 నాటి యూజీసీ నిబంధనలున్నాయి. పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ లెక్క ఎంత సులువుగా ఉందంటే, మన స్కాలర్లు థీసిస్ రాయడానికి మేలుకున్న రాత్రుల కంటే ఆ శాతాన్ని పదికి దించడానికి మేలుకున్న రాత్రులే ఎక్కువ. వాక్యాలు అటూ ఇటూ తిరగేస్తే పోలిక తగ్గుతుంది. పట్టికలో ఒక వరుస ఎగిరిపోతే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ కనిపెట్టలేదు. అసలు ప్రమాదం అక్కడుందని నా అభిప్రాయం. పరిశోధకుడు రాసినదాంట్లో అబద్ధం దొరకడం అరుదు. రాయకుండా వదిలేసినదాంట్లోనే అది ఎక్కువగా దాగి ఉంటుంది.

మా సివిల్ ఇంజనీరింగ్ వాళ్ళకు బాగా తెలిసిన క్యూబు పరీక్షతో మొదలుపెడతాను. 150 మిల్లీమీటర్ల మౌల్డు, మూడు పొరలుగా కాంక్రీటు, పొరకు 35 పోట్లు టాంపింగ్ రాడ్‌తో. మర్నాడు మౌల్డు విప్పి క్యూబును నీళ్ళలో వేస్తాం. 28వ రోజున తీసి, తుడిచి, మిషన్‌లో పెడతాం. సూది మెల్లగా పైకి పోతుంది. చిటపటమని చప్పుడవుతుంది, పక్కల నుంచి పెచ్చులు రాలతాయి, సూది ఒక్కసారిగా వెనక్కి జారుతుంది. అది ఎంతవరకు ఎక్కిందో ఆ భారాన్ని క్యూబు ముఖ వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే దాని బలం. ఒక్కో మిశ్రమానికి మూడు క్యూబులు. మొదటిదానికి చదరపు మిల్లీమీటరుకు 27 న్యూటన్లు, రెండోదానికి 26, మూడోదానికి 19 వచ్చాయనుకోండి. సగటు 24. ఏ క్యూబూ సగటుకు అటూ ఇటూ 15 శాతం మించి తేడా ఉండకూడదని ఐ.ఎస్. 456 చెబుతుంది. 24లో 15 శాతం 3.6. అంటే 20.4కీ 27.6కీ మధ్య ఉండాలి. 19 బయటపడింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ ఒక్క క్యూబును తీసేసి మిగతా రెంటితో సగటు కట్టుకోమని కోడు చెప్పలేదు. ఆ నమూనా ఫలితం మొత్తం చెల్లదని చెప్పింది. అంటే మళ్ళీ కలపాలి, మళ్ళీ పోయాలి, మళ్ళీ 28 రోజులు ఆగాలి.

థీసిస్ సమర్పించడానికి గడువు మూడు వారాలుంటే ఏం జరుగుతుందో ఈ హాల్లో ఉన్న వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. 19 కాస్తా 25.5 అవుతుంది. 27, 26, 25.5: చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. గైడు సంతోషిస్తారు, గ్రాఫు నున్నగా వస్తుంది. సిమెంటులో థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద ఎంత శాతం కలిపితే మంచిదో తేల్చే థీసిస్‌లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలమరాల నిండా ఉన్నాయి. దాదాపు ప్రతిదాంట్లోనూ గీత ఒక చక్కటి శిఖరం ఎక్కి, అంత చక్కగానూ దిగుతుంది. ప్రకృతి అంత మర్యాదగా ఉండదు.

ఆ 19 ఎందుకొచ్చిందని ఎవరూ అడగకపోవడమే నాకు బాధ. మూలల్లో సరిగా కూరక గుల్లబారి ఉండొచ్చు. తాపీతో చదును చేసిన పై ముఖాన్ని పక్కకు తిప్పకుండా, పోసిన తీరుగానే మిషన్‌లో నిలబెట్టి ఉండొచ్చు. లేదా ఆ రోజు వచ్చిన బూడిదలో కాలకుండా మిగిలిన కర్బనం ఎక్కువ ఉండొచ్చు. ఈ మూడోదే నిజమైతే, ఆ థీసిస్‌లో చెప్పుకోదగ్గ కొత్త విషయం అదొక్కటే. దాన్నే రబ్బరుతో తుడిచేశాం.

పిల్లల్ని తిట్టి లాభం లేదు. లోలకం ప్రయోగంలో g విలువ 980 దగ్గర రాకపోతే మార్కులు పోతాయని ఇంటర్ ప్రాక్టికల్స్‌లోనే వాళ్ళకు తెలుసు. అందుకని 980 నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు వేస్తారు. రికార్డు సీనియర్ దగ్గర్నుంచి వస్తుంది. తీరా బీటెక్ నాలుగో ఏట, హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రాజెక్టు రిపోర్టుతో సహా కొనుక్కోవచ్చని తెలుస్తుంది. ఇన్నేళ్ళు సరైన జవాబుకే మార్కులు వేసి, పీహెచ్‌డీలో చేరిన మర్నాటి నుంచి నిజమైన రీడింగు తెమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? పీహెచ్‌డీ కోర్సువర్కులో పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల పేపరు తప్పనిసరి చేసి కొన్నేళ్ళయింది. మంచిదే. కాకపోతే దాన్నీ గైడు పుస్తకం చదివి రాసేస్తున్నారు.

అయితే రీడింగును వదిలేయడం ఎప్పుడూ తప్పేనా? కాదు. ఇది చెప్పకపోతే నేను చెప్పేది అన్యాయమవుతుంది. రాబర్ట్ మిల్లికాన్ నూనె బిందువులతో ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచాడని అందరం చదువుకున్నాం. 1913 నాటి ఆయన పత్రంలో 58 బిందువుల ఫలితాలున్నాయి. ఇవి ఏరి పెట్టుకున్నవి కావు, వరుసగా 60 రోజుల్లో ప్రయోగించిన బిందువులన్నీ ఇవేనని ఆయన పనిగట్టుకుని రాశాడు. ఆ తర్వాత చాలా దశాబ్దాలకు జెరాల్డ్ హోల్టన్ అనే చరిత్రకారుడు మిల్లికాన్ నోటుపుస్తకాలు తెరిచి చూశాడు. ఆ కాలానివే నూరు పైచిలుకు బిందువులు కనిపించాయి. కొన్ని లెక్కల పక్కన చాలా బాగుంది, అచ్చు వేయాలి అన్న అర్థంలో మిల్లికాన్ రాసుకున్నాడు. ఇంకొన్నింటి పక్కన వాడబోనని రాసుకున్నాడు.

మిల్లికాన్‌ని సమర్థించే పండితులూ ఉన్నారు, వాళ్ళ మాటలో బలముంది. బిందువు మరీ చిన్నదైతే గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతుంది, మరీ పెద్దదైతే దబ్బున పడిపోతుంది, కొన్నింటి లెక్క మధ్యలోనే ఆగిపోయింది. అన్నీ కలిపినా ఆయన చెప్పిన విలువ పెద్దగా మారేది కాదని తర్వాత మళ్ళీ లెక్క కట్టి చూపించారు. మంచి ప్రయోగకర్తకు చేతి అనుభవంతో తెలిసే విషయాలుంటాయి, ఆ అనుభవాన్ని నేను గౌరవిస్తాను. కాబట్టి వదిలేసినందుకు ఆయన్ని తప్పుపట్టను. అన్నీ ఇవేనని రాసిన ఆ ఒక్క వాక్యానికి తప్పుపడతాను. ఇన్ని తీశాను, ఈ కారణాలకు ఇన్ని వదిలాను అని రెండు వరుసలు రాసి ఉంటే సరిపోయేది. నోబెల్ ఎలాగూ వచ్చేదే.

ఆ కథకు తోక ఒకటుంది. గాలి జిగురుతనానికి మిల్లికాన్ వాడిన విలువ కాస్త తప్పు కావడం వల్ల ఆయన జవాబు ఒక శాతంలోపు తక్కువొచ్చింది. తర్వాత కొలిచిన వాళ్ళ జవాబులు ఒక్కసారిగా సరైన విలువకు ఎగబాకలేదు, మెట్టు మెట్టుగా పాకాయి. కారణం రిచర్డ్ ఫైన్‌మన్ 1974లో కాల్‌టెక్ స్నాతకోత్సవంలో చెప్పాడు. మిల్లికాన్ అంకె కంటే మరీ ఎక్కువొస్తే ఎక్కడో పొరపాటుందని వెతికేవారు, దగ్గరగా వస్తే వెతికేవారు కాదు. ఇందులో మోసగాడు ఒక్కడూ లేడు. పెద్దాయన అంకె ముందు నిలబడి తన అంకెను అనుమానించిన మంచివాళ్ళే అందరూ.

మిల్లికాన్ పత్రాల్లో ఎగిరిపోయినవి బిందువులే కావు, ఒక పేరు కూడా. హార్వీ ఫ్లెచర్ అంతకు కొన్నేళ్ళ ముందు ఆయన దగ్గర డాక్టరేట్ చేస్తున్న కుర్రాడు. ఆవేశం మీది పత్రాన్ని మిల్లికాన్ ఒక్కరి పేరునా, ఇంకో పత్రాన్ని ఫ్లెచర్ ఒక్కడి పేరునా వేద్దామని గురువుగారు ప్రతిపాదించారు, శిష్యుడు ఒప్పుకున్నాడు. ఈ సంగతిని ఫ్లెచర్ తన మరణానంతరమే అచ్చు వేయమని రాసిపెట్టాడు, 1982లో బయటికొచ్చింది. మనవాళ్ళకూ ఇలాంటిదే జరిగింది. మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఫిస్క్ అనే ఆచార్యుడి ప్రయోగశాలలో చేసిన పనిలో కొంత వెలుగు చూడకుండా పోయిందనీ, ఇతరులు ఏళ్ళ తర్వాత దాన్ని మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందనీ అదే ప్రయోగశాలలో చదివి 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అన్నారు. సుబ్బారావుగారికి అన్యాయం జరిగిందని మనం సభలు పెట్టి వాపోతాం. అదే సభ నుంచి ఇంటికెళ్ళి, ల్యాబ్ గుమ్మం తొక్కని డీనుగారి పేరు పత్రంలో మొదట పెట్టి, రీడింగులు తీసిన అమ్మాయి పేరు కృతజ్ఞతల్లోకి నెడతాం.

ఇక ఇంజనీర్ల దగ్గరికి వస్తాను. 1986 జనవరి 27 సాయంత్రం జరిగిన ఒక టెలిఫోన్ సమావేశం గురించి ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థికీ వివరంగా తెలియాలని నా కోరిక. మర్నాడు ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగరాలి. ఫ్లోరిడాలో రాత్రికి చలి నీళ్ళు గడ్డకట్టేంతగా ఉంటుందని వాతావరణ సమాచారం. నౌకకు అటూ ఇటూ ఉండే ఘన ఇంధన బూస్టర్లను తయారుచేసింది యూటా రాష్ట్రంలోని మార్టన్ థియొకాల్ కంపెనీ. బూస్టరు ముక్కలు ముక్కలుగా వస్తుంది. పన్నెండు అడుగుల వ్యాసమున్న ఆ ముక్కలు కలిసే కీలు దగ్గర, లోపలి వేడి వాయువు బయటికి తన్నకుండా పావు అంగుళం పైచిలుకు మందాన రెండు రబ్బరు ఓ-రింగులుంటాయి. చలికి రబ్బరు బిగుసుకుంటుంది. ఇంధనం రాజుకున్న క్షణంలో కీలు సందు విచ్చుకుంటే, బిగుసుకున్న రబ్బరు సాగి ఆ సందును వెంటనే మూయలేదు. అంతే సమస్య.

థియొకాల్ ఇంజనీరు రోజర్ బోయిజోలీ ఈ సంగతి ఆరు నెలల ముందే, 1985 జులై 31న, మనుషుల ప్రాణాలు పోయే ప్రమాదముందని తన పైవాళ్ళకు కాగితం మీద రాసిచ్చాడు. ఆ సాయంత్రం ఆయనా, ఆర్నీ థామ్సన్ అనే మరో ఇంజనీరూ, వాళ్ళ జట్టూ హడావిడిగా పట్టికలు రాసి నాసాకు ఫ్యాక్స్ చేశారు. అప్పటిదాకా జరిగిన ప్రయాణాల్లో అత్యంత చలిలో ఎగిరింది 1985 జనవరిలో. అప్పుడు కీలు ఉష్ణోగ్రత 53 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 12 డిగ్రీలు. విప్పి చూస్తే రెండు రింగుల మధ్య గ్రీజు బొగ్గులా నల్లబడి ఉంది. కాబట్టి 53 కంటే తక్కువలో ఎగరవద్దన్నారు. నాసా వాళ్ళు అడిగిన ప్రశ్న కూడా తెలివితక్కువది కాదు. 1985 అక్టోబరులో 75 డిగ్రీల వెచ్చదనంలోనూ మసి మొదటి రింగు దాటింది కదా, మరి చలికీ దీనికీ సంబంధమేమిటని. చలిలో మసి కారునలుపు, వెచ్చదనంలో బూడిదరంగు, రెండూ ఒకటి కావని బోయిజోలీ చెప్పాడు. అంకెల్లో చూపించమన్నారు. అంకెల్లో చూపించలేకపోయాడు.

ఇంతకీ ఆ అంకెలు లేవా? ఉన్నాయి. ఆ సాయంత్రం చర్చంతా దెబ్బతిన్న ప్రయాణాల చుట్టూనే తిరిగింది. దెబ్బతిన్నవి ఏడు. ఆ ఏడింటినీ ఉష్ణోగ్రత వారీగా చుక్కలు పెడితే, చలిలో కొన్ని, వెచ్చదనంలో కొన్ని, ఏ క్రమమూ కనిపించదు. దుర్ఘటన తర్వాత విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ వాళ్ళు ఏ దెబ్బా తగలకుండా తిరిగొచ్చిన ప్రయాణాలకు కూడా చుక్కలు పెట్టారు. 66 డిగ్రీలూ ఆపైన ఎగిరినవి 20, వాటిలో దెబ్బతిన్నవి మూడే. 63 డిగ్రీలూ ఆ కింద ఎగిరినవి నాలుగు, నాలుగూ దెబ్బతిన్నాయి. పదో తరగతి పిల్లవాడు చూసినా అర్థమవుతుంది. మర్నాడు ఛాలెంజర్ లేచినప్పుడు గాలి ఉష్ణోగ్రత 36 డిగ్రీలు, అంటే రెండు డిగ్రీల సెల్సియస్, మన లంబసింగిలో చలికాలపు తెల్లవారుజాములా. ఏమీ జరగని ప్రయాణానికి చుక్క ఎందుకనిపించడం చాలా సహజం. మన థీసిస్‌లలో పనిచేయని మిశ్రమానికి పట్టికలో చోటుండదు, మందు పనిచేయని రోగికి పత్రంలో చోటుండదు. ఏమీ జరగకపోవడం కూడా ఒక రీడింగే.

ఇక్కడ ఒక మాట. గ్రాఫులు గీసే విద్యలో పెద్దపేరున్న ఎడ్వర్డ్ టఫ్టీ, థియొకాల్ ఇంజనీర్లు సరైన గ్రాఫు గీయకపోవడమే లోపమని రాశాడు. ఏళ్ళ తర్వాత బోయిజోలీ మరో ముగ్గురితో కలిసి దానికి గట్టిగా జవాబిచ్చాడు. అన్ని ప్రయాణాల ఉష్ణోగ్రతల వివరాలు ఆ రాత్రి తమ చేతిలో లేవని వాళ్ళ వాదన. నేను ఆయన పక్షమే. గంటల వ్యవధిలో, అవతల అధికారి విసుక్కుంటుంటే, చేతిలో లేని వివరాలతో గ్రాఫు గీయలేదని ఇంజనీరును ఆక్షేపించడం కుర్చీలో కూర్చుని చేసే పని. ఏళ్ళ తరబడి ఒక్కో ప్రయాణానికీ కీలు ఉష్ణోగ్రత, రింగు పరిస్థితి ఒకే పట్టికలో పక్కపక్కన రాసి ఉంచని సంస్థను అడగాలి. ఆ రాత్రి జరిగిన అసలు తిరకాసు మరొకటి. ఎప్పుడూ కంపెనీయే ఎగరడం క్షేమమని రుజువు చేయాలి. ఆ రాత్రి మాత్రం ఎగరడం క్షేమం కాదని రుజువు చేయమన్నారు.

థియొకాల్ వాళ్ళు ఐదు నిమిషాలు ఫోను పక్కన పెడతామన్నారు. అది అరగంటయింది. బోయిజోలీ, థామ్సన్ బల్ల దగ్గరికెళ్ళి ఫోటోలు చూపించారు, కీలు బొమ్మ గీసి వివరించారు. ఎవరూ పట్టించుకోవడం లేదని తెలిశాక వెనక్కొచ్చి కూర్చున్నారు. పై అధికారి జెరాల్డ్ మేసన్, ఇంజనీరింగ్ విభాగపు ఉపాధ్యక్షుడు రాబర్ట్ లండ్ వైపు తిరిగి, ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. లండ్ పెట్టుకున్నాడు. ఎగరవచ్చన్న కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఫ్లోరిడాలో ఉన్న అలన్ మెక్‌డొనాల్డ్. ఆయన పెట్టనన్నాడు. యూటాలో ఉన్న మరో అధికారి సంతకం చేసి ఫ్యాక్స్ పంపాడు. మర్నాడు ఉదయం 11 గంటల 38 నిమిషాలకు ఛాలెంజర్ లేచింది. 73 సెకన్లకు ముక్కలైంది. పోయింది ఏడుగురు, అందులో ఒకరు బడిపంతులమ్మ.

తర్వాతి సంగతులు తక్కువమందికి తెలుసు. కమిషన్ ముందు నిజం చెప్పిన మెక్‌డొనాల్డ్‌ను కంపెనీ పక్కన పెట్టింది. అమెరికా కాంగ్రెస్ సభ్యులు మండిపడ్డాక ఆయన్ని వెనక్కి తెచ్చి, ఆ కీలును కొత్తగా రూపొందించే పనికే పెద్దను చేసింది. ఆ కీళ్ళతోనే 1988 సెప్టెంబరు 29న డిస్కవరీ ఎగిరింది. బోయిజోలీకి అంత అదృష్టం లేదు. తోటివాళ్ళు దూరం పెట్టారు, ఆరోగ్యం పాడైంది, కంపెనీ వదిలేశాడు. ఆ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ కథే చెబుతూ తిరిగాడు. పురస్కారాలు మాత్రం వచ్చాయి. నిజం చెప్పమని పిల్లలకు చెప్పేటప్పుడు ఈ భాగాన్ని దాచకూడదు. దాస్తే మనమూ చుక్కలు వదిలేసినట్టే.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో హెండ్రిక్ షోన్ ఉదంతాన్ని రెండు మాటల్లో ముగిస్తాను, ఎందుకంటే అది పచ్చి మోసం, పచ్చి మోసం నుంచి నేర్చుకునేది తక్కువ. అణువులతో ట్రాన్సిస్టర్లు చేశానని ఒక దశలో సగటున ఎనిమిది రోజులకొక పత్రం రాసిన కుర్రాడు. వేర్వేరు ప్రయోగాల గ్రాఫుల్లో చిల్లర హెచ్చుతగ్గులు అచ్చు ఒకేలా ఉన్నాయని 2002లో వేరే సంస్థల శాస్త్రవేత్తలు గమనించారు. విచారణ సంఘం ముడి రీడింగులు అడిగితే, కంప్యూటరులో చోటు చాలక చెరిపేశానన్నాడు. ప్రయోగశాల నోటుపుస్తకాలూ లేవు. నేను తలచుకునేది ఆయన్ని కాదు, పత్రాల మీద పేర్లున్న పెద్దల్ని. వాళ్ళు మోసం చేయలేదని సంఘం తేల్చింది, నిజమే. కానీ అన్నేళ్ళలో ఒక్కరూ ఏదీ ఆ నోటుపుస్తకం చూపించు అని గట్టిగా అడగలేదు.

ఇప్పటిదాకా యంత్రాలు, బిందువులు. మనుషుల మీద పరిశోధన చేసినప్పుడు వదిలేసిన గడి ఎంత బరువుంటుందో మన దగ్గరే తేలింది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి వేయడం మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. పిల్లల్లో చాలామంది గిరిజనులు, ఎందరో ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవై, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే ప్రభుత్వం వేసిన విచారణ సంఘం తేల్చింది. టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు. నేను మాట్లాడుతున్నది కాగితాల గురించి. విచారణలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. ఇక్కడ గడి ఖాళీగా లేదు, నిండే ఉంది. నింపింది మాత్రం పిల్ల తల్లి కాదు, తండ్రి కాదు. రోజుకు రెండు పూటలా అన్నం పెట్టే హాస్టల్లో వార్డెన్ సంతకం చేస్తే, పన్నెండేళ్ళ కోయ పిల్ల నాకొద్దు అంటుందా? సంస్థ దీన్ని ప్రయోగం అనలేదు, ప్రదర్శన కార్యక్రమం అంది. ఆ పేరు పెడితే క్లినికల్ ట్రయల్స్‌కు ఉండే కట్టుబాట్లు వదులవుతాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని కడిగిపారేసింది. నష్టం అక్కడితో ఆగలేదు. మన దేశంలో ఈ టీకా ప్రభుత్వ కార్యక్రమంలోకి రావడం ఏళ్ళ తరబడి వెనకబడడానికి ఆ సంతకాలు ఒక కారణం. రెండు వేల ఏడువందల ఇళ్ళకు వెళ్ళి, తల్లిని కూర్చోబెట్టి, ఆమె భాషలో చెప్పి, ఆమె ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని రాసుకునే ఓపిక లేకపోయినందుకు చెల్లించిన మూల్యం అది.

ఈ తొందరంతా ఎక్కణ్ణుంచి వస్తోంది? అందరూ అత్యాశ అంటారు, నేను లెక్కింపు అంటాను. ఎన్ని పత్రాలు, ఎన్ని సైటేషన్లు, ర్యాంకింగ్‌లో ఎన్నో స్థానం. పత్రం అచ్చయితేనే థీసిస్ తీసుకుంటామని ఏళ్ళ పాటు నియమం పెట్టాం. అచ్చు వేసిపెట్టే దుకాణాలు వీధి వీధినా వెలిశాయి. అందులో మన హైదరాబాద్‌కూ పేరొచ్చింది. ఇక్కడి ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ సరైన సమీక్ష లేకుండానే పత్రాలు వేస్తూ శాస్త్రవేత్తల్ని మోసగించిందన్న కేసులో అమెరికా ఫెడరల్ కోర్టు 2019లో అయిదు కోట్ల డాలర్లు పైచిలుకు కట్టమంది. 2022 నిబంధనల్లో యూజీసీ ఆ ప్రచురణ షరతును తీసేసింది. విశ్వవిద్యాలయాలు మాత్రం తమ తమ నియమాల్లో దాన్ని వేరే పేర్లతో వెనక్కి తెచ్చుకుంటున్నాయి. అలవాటైన ప్రాణం.

ఇక్కడ చదువుకునే పిల్లలకు ధైర్యంగా ఉండమని చెప్పడం నాకు తేలిక. పెన్షన్ వస్తోంది, ఎవరి సంతకమూ నాకక్కర్లేదు. స్కాలర్ పరిస్థితి అది కాదు. ఫెలోషిప్ బిల్లు మీద గైడు సంతకం, ప్రోగ్రెస్ రిపోర్టు మీద గైడు సంతకం, హాస్టల్ గది పొడిగింపు మీద కూడా గైడు సంతకమే. మేడం, ఆ రీడింగు 25.5 కాదు, 19 అని ఆ పిల్ల అనాలంటే, అన్న తర్వాత కూడా ఆ సంతకాలు ఆగవన్న నమ్మకం ఉండాలి. అందుకని నా విన్నపం పిల్లలకు కాదు, పెద్దలకు. గైడు థీసిస్ మొదటి పేజీ మీద ఒక్కసారి సంతకం చేసే బదులు, ముడి రీడింగుల రిజిస్టరులో వారానికో పేజీ కింద సంతకం చేయాలి. కొట్టేసిన అంకెను తెల్ల సిరాతో పూయకుండా, కింద చదవగలిగేలా ఒక గీత మాత్రం కొట్టి, పక్కన కారణం, తేదీ వేయించాలి. థీసిస్ చివర ఒక పట్టిక ఉండాలి: పోసిన క్యూబులెన్ని, పగలగొట్టినవెన్ని, లెక్కలోకి తీసుకున్నవెన్ని, వదిలేసినవెన్ని, ఎందుకు. అకడమిక్ కౌన్సిల్‌లో ఒక తీర్మానం చేస్తే చాలు, ఖర్చు సున్నా.

వైవాకు ఎక్స్‌టర్నల్‌గా పిలిచినప్పుడు నేను ముందు ఆ రిజిస్టరు అడుగుతాను. కొన్ని విభాగాల్లో అటెండరు వెంటనే తెచ్చి బల్ల మీద పెడతాడు. కొన్ని చోట్ల భోజనాల తర్వాత చూద్దాం సార్ అంటారు. ఒకచోట స్కాలర్ తన సంచిలోంచే తీసింది. అట్ట ఊడిపోయి ఉంది, పేజీల మీద సిమెంటు మరకలున్నాయి. వదిలేసిన క్యూబుల పేజీ తానే తెరిచి, ఇక్కడి నుంచి అడగండి సార్ అంది. ఆ వైవా పావుగంటలో అయిపోవాల్సింది, సాయంత్రం దాకా సాగింది.